ఫోన్‌తో పెద్ద హెడ్‌ఫోన్ మోగాలంటే ఆంప్ కొనాలా, డాంగిల్ చాలా?

పాలమూరు_శ్రోత, జడ్చర్ల

అందరికీ నమస్తే. అమెరికాలో ఉండే మా బావ కొత్త హెడ్‌ఫోన్ కొనుక్కుని పాత సెన్‌హైజర్ హెచ్‌డీ 600 నాకు ఇచ్చేశాడు. వస్తువు చెక్కుచెదరలేదు, చిక్కంతా నా ఫోన్‌తోనే. దానికి 3.5 ఎంఎం జాక్ లేదు. బస్టాండు దగ్గర షాపులో టైప్-సీ కన్వర్టర్ తెచ్చి పెడితే అసలు సప్పుడే రాలేదు. ఇంకో రకం తెస్తే మోగుతోంది కానీ వాల్యూమ్ చివరిదాకా లాగినా చాలట్లేదు. కొత్త సినిమా పాటలు పర్వాలేదు. మా ఊళ్లో చిరుతల రామాయణం ఆడినప్పుడు నాయన టేపులో పట్టిన క్యాసెట్లు ఉన్నాయి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అవి మాత్రం పక్కింట్లో ఎవరో పెట్టినట్టు వినిపిస్తున్నాయి.

బడ్జెట్ 8 వేలు. ఆండ్రాయిడ్ ఫోన్. బ్యాటరీ ఉండే ఆంప్ (సౌండ్ పెంచే పెట్టె) కొనాలా, టైప్-సీకి తగిలించే చిన్న డాంగిల్ సరిపోతుందా? ఆంప్ పెడితే ఆ పాత రికార్డింగులు శుభ్రంగా కూడా వినిపిస్తాయా?

రాత్రి_షిఫ్ట్, మిర్యాలగూడ

అది 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తమ్మీ, కరెంటుకు అడ్డు ఎక్కువ. ఫోన్‌తో అయ్యే పని కాదు. ఆంప్ కొనెయ్.

ఎడమ_కాల్వ, హాలియా

కొనెయ్ అనే ముందు ఒక లెక్క చూద్దాం అన్నా. 300 అనే అంకె చూసి అందరూ భయపడతారు. ఓమ్‌లు ఎక్కువ ఉంటే దానికి కావాల్సింది వోల్టేజీ, కరెంటు పెద్దగా అక్కర్లేదు. 300 ఓమ్‌లకు 1 వోల్టు ఇస్తే ఖర్చయ్యేది 3.3 మిల్లీవాట్లే.

హెచ్‌డీ 600కి కంపెనీ చెప్పే లెక్క 1 వోల్టుకు 97 డెసిబెల్స్. వోల్టేజీ రెట్టింపు అయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పెరుగుతాయి. అర వోల్టుకు 91, 2 వోల్టులకు 103, 4 వోల్టులకు 109. ఇదంతా పాటలో అన్నిటికంటే గట్టిగా ఉండే చోట మాట. సగటు దానికి చాలా కింద ఉంటుంది. ఇప్పటి సినిమా పాటలను బాగా నొక్కి గట్టిగా తయారు చేస్తారు కాబట్టి సగటు 10 డెసిబెల్స్ కిందే ఉంటుంది. క్యాసెట్ నుంచి ఎక్కించినవి 20, 25 కింద ఉన్నా ఆశ్చర్యం లేదు. నీ రెండో కన్వర్టర్ అర వోల్టు ఇస్తోందనుకో, సినిమా పాట 81 దగ్గర మోగుతుంది, రామాయణం 70 దగ్గరో, ఇంకా కిందో ఆగిపోతుంది. నువ్వు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే.

కాబట్టి 2 వోల్టులిచ్చే డాంగిల్ చూడు. అర వోల్టు నుంచి 2కి పోతే 12 డెసిబెల్స్ పెరుగుతాయి, అది చాలా తేడా. సిరస్ లాజిక్ సీఎస్43131 గానీ, ఈఎస్ఎస్ వాళ్ల ఈఎస్9218పీ గానీ, ఈ చిప్పులు వాడిన డాంగిల్స్ మామూలు జాక్ నుంచే 2 వోల్టుల దాకా ఇవ్వగలవు. అలాంటివి నీ బడ్జెట్‌లోనే దొరుకుతాయి.

గడియారం_సెంటర్, నల్గొండ

మొదటి కన్వర్టర్ ఎందుకు మూగబోయిందో ఎవరూ చెప్పలేదు. నా రిపేరు షాపుకు ఈ గొడవ రోజూ వస్తుంది.

టైప్-సీ కన్వర్టర్లు రెండు జాతులు. ఒకదాంట్లో వైరు తప్ప ఏమీ ఉండదు. ఫోనే లోపల సౌండ్ తయారు చేసి టైప్-సీ పిన్నుల మీద బయటికి పంపాలి. ఆ ఏర్పాటు కొన్ని ఫోన్లలోనే ఉంటుంది, లేని ఫోన్‌కు పెడితే నిశ్శబ్దమే. రెండో జాతిలో చిన్న డాక్ చిప్పు ఉంటుంది. ఫోన్ నుంచి అంకెలే వస్తాయి, సౌండ్ ఈ చిప్పులో తయారవుతుంది. ఇది దాదాపు అన్ని ఫోన్లకూ నడుస్తుంది. పైకి చూస్తే రెండూ ఒకే తెల్ల వైరు ముక్క. కొనేటప్పుడు "డాక్ ఉందా" అని అడగండి. షాపతను తెల్లమొహం వేస్తే అక్కడ కొనకండి.

ఇంకొకటి. కొన్ని కంపెనీల ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి పోయి ఓటీజీ అనే మీట ఆన్ చేస్తేనే డాంగిల్‌ను గుర్తిస్తుంది. కాసేపు వాడకపోతే అదే ఆఫ్ అవుతుంది కూడా. "నిన్న మోగింది, ఇవాళ మోగట్లేదు" అని వచ్చేవాళ్లలో చాలామందికి ఇదే. మిగిలిన వాళ్లకు ఫోన్ రంధ్రంలో జేబు నూలు. టార్చి వేసి చూస్తే రంధ్రం అడుగున బూడిద రంగు పొర గట్టిపడి ఉంటుంది. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్ కొసతో మధ్యలో ఉండే నాలుకను తగలకుండా పక్క నుంచి మెల్లగా గీకండి. పిన్నీసు పెట్టారో, నా దగ్గరికే వస్తారు.

ఆంప్_పిచ్చోడు, హైదరాబాద్ (సొంతూరు దేవరకొండ)

లెక్కలు బాగున్నాయి కానీ డాంగిల్‌తో హెచ్‌డీ 600 వినడం ఆ హెడ్‌ఫోన్‌ను అవమానించడమే. 1997 నుంచి జనం దాన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో తెలియాలంటే బ్యాటరీ ఉన్న ఆంప్ కావాలి. నా దగ్గర ఐఫై హిప్-డాక్ ఉంది. బేస్ నిండుగా వస్తుంది, పాట విశాలంగా పరుచుకుంటుంది. ఇంకాస్త డబ్బు కూడబెట్టి అదే కొను.

ఎడమ_కాల్వ, హాలియా

హిప్-డాక్ మంచిదే, కాదనను. కానీ ఆ "విశాలం"లో సగం వాల్యూమే అన్నా. ఒకే పాట రెండు డెసిబెల్స్ గట్టిగా మోగితే చెవికి అది మెరుగైన సౌండ్‌లాగే తోస్తుంది, ఎవరికైనా అంతే. రెండిటినీ ఒకే సౌండ్ దగ్గర సరిచేసి, ఏది మోగుతుందో తెలియకుండా ఇంట్లో ఎవరితోనైనా మార్పించి వినండి. అప్పుడూ తేడా పట్టుకుంటే నేను నోరు మూసుకుంటా.

ఆంప్_పిచ్చోడు, హైదరాబాద్ (సొంతూరు దేవరకొండ)

చెవులు నావి, డబ్బులు నావి 🙂

డెము_ప్రయాణికుడు, మహబూబ్‌నగర్

ఒక్క ప్రశ్న తమ్మీ. హెచ్‌డీ 600 ఎక్కడ వింటావు? ఇంట్లోనా, బయటా? నేను కాచిగూడ రైల్లో పోయివస్తుంటాను కాబట్టి అడుగుతున్నా. అది వెనకవైపు జాలీ ఉండే ఓపెన్ రకం. బయటి గోల మొత్తం లోపలికి వస్తుంది, నీ పాట మొత్తం పక్కవాడికి పోతుంది. రైల్లో దానికి ఎంత ఆంప్ పెట్టినా ఇంజిన్ సప్పుడే గెలుస్తుంది.

నేనైతే చెవిలోకి దిగే ఇయర్‌ఫోన్ (ఐఈఎం), దానికి షర్టు జేబుకు తగిలించుకునే బ్లూటూత్ రిసీవర్ వాడతాను. క్యుడెలిక్స్ 5కే. ఫోన్ బ్యాగులో ఉంటుంది, వైరు జేబు దాకానే. దానికి ఈక్వలైజర్ యాప్ ఉంది, అదొక్కటే కొనడానికి సరిపడా కారణం అంటాను. ఫియో బీటీఆర్5 కూడా ఇదే పద్ధతి. ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాట పంపే ఒక పద్ధతి) 990 మీద పెడితే రద్దీ పెట్టెలో పాట తెగిపోతుంటుంది, 660కి దించితే శాంతి. ఐఫోన్ ఉన్నవాళ్లకు ఎల్‌డాక్ అందదు, ఏఏసీ అనే ఇంకో పద్ధతితోనే సర్దుకోవాలి. నా చెవికి అది కూడా బాగానే ఉంటుంది.

పాలమూరు_శ్రోత, జడ్చర్ల

ఇంట్లోనే అన్నా, రాత్రి అందరూ పడుకున్నాక. డాబా మీద.

ఎడమ కాల్వ అన్న చెప్పిన లెక్క అర్థమైంది. ఇంకో అనుమానం. ఆపిల్ వాళ్ల చిన్న టైప్-సీ డాంగిల్‌ను నెట్‌లో అందరూ మెచ్చుకుంటున్నారు. అది 1 వోల్టు ఇస్తుందట కదా, 97 డెసిబెల్స్ వస్తే చాలదా?

ఎడమ_కాల్వ, హాలియా

ఐఫోన్‌కో లాప్‌టాప్‌కో పెడితే 1 వోల్టు. ఆండ్రాయిడ్‌కు పెడితే సగమే అనుకో. డాంగిల్ లోపల దానికంటూ ఒక వాల్యూమ్ మీట ఉంటుంది, ఆండ్రాయిడ్ దాన్ని పైదాకా ఎత్తకుండా కిందే వదిలేస్తుంది. స్క్రీన్ మీద వాల్యూమ్ 100 కనిపిస్తుంది కానీ లోపలి మీట అక్కడ ఉండదు. ఐరోపా దేశాల్లో అమ్మే డాంగిల్‌కైతే మొదటి నుంచే అర వోల్టు పరిమితి.

దీనికి ఒక దారి ఉంది. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో అనే యాప్, డబ్బులిచ్చి కొనాలి. అది ఆండ్రాయిడ్‌ను పక్కకు జరిపి డాంగిల్‌తో నేరుగా మాట్లాడుతుంది, లోపలి మీటను పైదాకా లాగుతుంది. ఫోన్‌లో ఉన్న ఫైళ్లకు బ్రహ్మాండం. యూట్యూబ్‌కూ, స్పాటిఫైకీ పనిచేయదు. నీ రామాయణం ఫోన్‌లో ఫైళ్లుగానే ఉంది కాబట్టి నీకు పనికొస్తుంది. అయినా 8 వేలు చేతిలో ఉన్నప్పుడు ఆ తిప్పలు ఎందుకు, 2 వోల్టుల డాంగిల్ తీసుకో.

కోఠీ_బ్యాచ్, నాగర్‌కర్నూల్

కొనడమేనా, చేసుకోవచ్చు కదా? మేం పాలిటెక్నిక్‌లో ఉన్నప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో సామాను ఏరుకొచ్చి సీమోయ్ ఆంప్ కట్టుకునేవాళ్లం. ఓపీఏ2134 చిప్పు ఒకటి, నాలుగు కెపాసిటర్లు, కొన్ని రెసిస్టర్లు, 9 వోల్టుల బ్యాటరీ. చూ మోయ్ అనే ఆయన గీసిన సర్క్యూట్, ప్రపంచమంతా పిప్పరమెంటు డబ్బాల్లో పెట్టి చేసుకున్నారు. మేం నెయ్యి డబ్బాలో పెట్టాం.

ఎడమ_కాల్వ, హాలియా

ఇష్టంతో చేస్తే దాన్ని మించింది లేదు. అవసరానికి మాత్రం కాదు. 9 వోల్టుల బ్యాటరీని రెండుగా చీలిస్తే అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర. చిప్పు అంచుల దాకా పోలేదు కాబట్టి మిగిలేది 2 వోల్టుల పైచిలుకే. ఇవాళ బొటనవేలంత డాంగిల్ అంతే ఇస్తోంది. పైగా సీమోయ్‌కు ముందు ఫోన్ నుంచి సౌండ్ రావాలి కదా, జాక్ లేని ఫోన్‌కు దాని ముందు మళ్లీ డాంగిల్ పెట్టాల్సిందే.

కోఠీ_బ్యాచ్, నాగర్‌కర్నూల్

నెయ్యి వాసన డాంగిల్‌లో రాదు సార్.

గద్వాల_అక్క, గద్వాల

వినడం గురించే అందరూ చెప్తున్నారు, మాట్లాడటం గురించి ఎవరూ చెప్పట్లేదు. మేం చీరల వీడియోలు ఫోన్‌లోనే తీసి పెడతాం. ఇయర్‌ఫోన్ మైకుతో మాట కలుపుతాను. డాంగిల్ పెట్టాక మైకు పోయింది, కస్టమర్ ఫోన్ చేస్తే నా మాట వాళ్లకు ఎక్కడో దూరం నుంచి వినపడుతోందంట. డాంగిల్ చెడిపోయిందా?

గడియారం_సెంటర్, నల్గొండ

చెడిపోలేదక్కా. మీ డాంగిల్‌లో మైకు లైను లేదు, అందుకే ఫోన్ తన సొంత మైకుకు మారిపోయింది. పెట్టె మీద మైకు బొమ్మ ఉందో లేదో చూసి తీసుకోవాలి. జాక్ మీద మూడు నల్ల గీతలుంటే అది మైకున్న ఇయర్‌ఫోన్, రెండే ఉంటే మైకు లేనిది. 4.4 ఎంఎం అని లావు జాక్ వస్తోంది కదా, దాంట్లో మామూలుగా మైకు ఉండదు. మీ పనికి మైకున్న 3.5 డాంగిల్ చాలు, ఎక్కువ పవర్ కోసం చూడకండి.

రాత్రి_షిఫ్ట్, మిర్యాలగూడ

ఈ 4.4 గోల ఏంటి? దానికే ఎక్కువ సౌండ్ అంటారు, నిజమేనా? నేను రైస్ మిల్లులో రాత్రి డ్యూటీ, నాకెంత సౌండ్ ఉన్నా చాలదు.

ఎడమ_కాల్వ, హాలియా

నిజమే. దాన్ని బ్యాలెన్స్‌డ్ అంటారు. ఎడమ చెవికి, కుడి చెవికి విడివిడిగా రెండేసి వైర్లు పోతాయి, ఆంప్ రెండు వైర్లనూ ఎదురెదురుగా తోస్తుంది. అందుకే వోల్టేజీ దాదాపు రెట్టింపు. ఉదాహరణకు మూన్‌డ్రాప్ డాన్ ప్రోకు మామూలు 3.5లో 2 వోల్టులు, 4.4లో 4 వోల్టులు. హెచ్‌డీ 600కి రెండు వైపులా ఊడదీసే వైరు ఉంటుంది కాబట్టి 4.4 వైరు కొని పెట్టుకోవచ్చు. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో ఉన్నవాళ్లకు ఆ సుఖం లేదు. దాని వైరు ఊడదు, ఒకవైపు నుంచే లోపలికి పోతుంది. కోసి, లోపల సోల్డరింగ్ చేసుకుంటే తప్ప కాదు.

కానీ అన్నా, మిల్లులో సౌండ్ చాలట్లేదని ఆంప్ కొనకండి. దయచేసి.

వనపర్తి_మాస్టారు, వనపర్తి

నేనూ అదే రాద్దామనుకుంటున్నాను. రిటైరైన సైన్సు టీచర్‌ను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ దాటకూడదు. 90 పెట్టుకుంటే వారానికి 4 గంటలే. ప్రతి 3 డెసిబెల్స్‌కూ వినగలిగే సమయం సగమైపోతుంది. మిల్లు మోత ఒకటి, దాని మీద పాట ఇంకొకటి కలిపితే చెవికి మిగిలేది ఏముంటుంది? పని చోట మోతను ఆపే ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి, పాటలు ఇంటికొచ్చాక వినండి. చెవిలో ఈల మోగడం మొదలైతే ఒక్కోసారి ఎప్పటికీ పోదు బాబూ.

నా ప్రశ్న కూడా ఒకటి. పాత ఫోన్‌కు జాక్ ఉంది. అందులో నుంచి చిన్న ఆంప్‌కు వైరు పెట్టి, ఆంప్ నుంచి హెడ్‌ఫోన్‌కు పెట్టుకుని త్యాగరాజ కీర్తనలు వింటాను. ఫోన్ వాల్యూమ్ ఎంత ఉండాలి, ఆంప్ వాల్యూమ్ ఎంత ఉండాలి?

ఎడమ_కాల్వ, హాలియా

సార్, ఫోన్ వాల్యూమ్ 85, 90 శాతం దగ్గర ఉంచండి, మిగతాది ఆంప్ మీద తిప్పుకోండి. ఫోన్‌ను తక్కువ పెట్టి ఆంప్‌ను పెంచితే గుస్‌మనే శబ్దం కూడా పెరుగుతుంది. ఫోన్‌ను పూర్తిగా 100కి పెడితే కొన్ని ఫోన్లలో చివర్లో సౌండ్ చీలుతుంది, చీలకపోతే 100 ఉంచినా నష్టం లేదు. ఆంప్‌కు గెయిన్ (సౌండ్‌ను ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే) మీట ఉంటే తక్కువ (లో) మీద మొదలుపెట్టండి. వాల్యూమ్ ముక్కాలు భాగం తిప్పినా చాలకపోతేనే హై.

డెము_ప్రయాణికుడు, మహబూబ్‌నగర్

ఐఈఎం వాడేవాళ్లు హై గెయిన్ జోలికే పోకండి. సున్నితమైన ఐఈఎంలకు బలమైన ఆంప్ పెడితే పాట లేనప్పుడు ఉస్స్ అంటూనే ఉంటుంది. పైగా వాల్యూమ్ ఒక్క గీత పెంచితే చెవులు అదురుతాయి. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తీసి, వాల్యూమ్ తగ్గించకుండా ఐఈఎం తగిలించారంటే అంతే సంగతులు. నేను పాట మొదలయ్యాకే చెవిలో పెట్టుకుంటాను.

పాలమూరు_శ్రోత, జడ్చర్ల

2 వోల్టుల డాంగిల్ ఒకటి తెప్పించాను, సీఎస్43131 చిప్పుది. కంపెనీ పేరు అడగకండి, ఆఫర్‌లో ఏది దొరికితే అది. హెచ్‌డీ 600కి సినిమా పాటలు ఇప్పుడు సగం దగ్గరే చాలు. రామాయణం కూడా చాలా మారింది, నాయన గొంతు దగ్గరికొచ్చింది. కానీ ఇప్పటికీ ఫుల్‌కు కొంచెం ఇవతలే పెట్టాల్సి వస్తోంది. కంప్యూటర్‌లో ఆ ఫైళ్ల సౌండ్ పెంచుదామని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నార్మలైజ్ కొట్టాను, ఏమీ మారలేదు. 4.4 వైరు కొనాల్నా?

కోఠీ_బ్యాచ్, నాగర్‌కర్నూల్

ఆగు, వైరు కొనకు. ఫైలును ఆడాసిటీలో తెరిచి గీతలు చూడు. సన్నగా, నిలువుగా పైకీ కిందికీ తాకుతూ మేకుల్లాగా ఉన్నాయా? అవి చిరుతల దెబ్బలు. కర్ర మీద కర్ర పడ్డప్పుడు క్షణం పాటు సౌండ్ పైదాకా లేస్తుంది. నార్మలైజ్ అనేది అన్నిటికంటే ఎత్తు గీతను చూసి మిగతాదాన్ని పెంచుతుంది. ఆ గీత ఇప్పటికే పైకప్పు తాకితే ఇంకేం పెంచుతుంది? మాట, పాట అన్నీ అడుగునే ఉండిపోతాయి.

లిమిటర్ వాడు. ఎఫెక్ట్స్‌లోనే ఉంటుంది. దెబ్బల తలలను 8, 10 డెసిబెల్స్ మేర నొక్కు, తర్వాత మొత్తాన్ని అంతే పెంచు. చిరుతల పదును కొంచెం తగ్గుతుంది, గొంతు ముందుకొస్తుంది. అసలు ఫైలును మాత్రం ముట్టుకోకు, కాపీ మీద చెయ్యి. వేరే డిస్కులో ఇంకో కాపీ పెట్టు.

శుభ్రం సంగతి కూడా అడిగావు కదా మొదట్లో. ఏ ఆంప్ వల్లా క్యాసెట్ గరగర పోదు. మంచి డాంగిల్, హెచ్‌డీ 600 కలిస్తే టేపు ఉస్స్‌మనడం ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది! ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ ఉంది, మెల్లగా వాడు. ఎక్కువ చేస్తే గొంతు నీళ్లలో మునిగినట్టు అవుతుంది.

పాలమూరు_శ్రోత, జడ్చర్ల

అవునన్నా, మేకులే! క్యాసెట్ ఒక పక్క మొత్తానికి చేసి చూశాను. వాల్యూమ్ 60 దగ్గరే నిండుగా ఉంది. వెనక నుంచి జనం ఈలలు, ఎవరో పిల్లోడు "కొంచెం జరుగవే" అనడం కూడా వినిపిస్తోంది. 4.4 వైరు డబ్బులు మిగిలాయి.

ఆంప్_పిచ్చోడు, హైదరాబాద్ (సొంతూరు దేవరకొండ)

ఆ డబ్బులు జాగ్రత్తగా పెట్టు తమ్మీ. హైఫైమ్యాన్ లాంటి ప్లానార్ (పల్చటి పొర కదిలి మోగే రకం) హెడ్‌ఫోన్ మీద మనసు పడే రోజు వస్తుంది, వాటికి ఓమ్‌లు తక్కువైనా కరెంటు బాగా కావాలి. అప్పుడు డాంగిల్ చేతులెత్తేస్తుంది, నా దగ్గరికే వస్తావు. ఎడమ కాల్వ గారూ, దీనికైనా ఒప్పుకుంటారా?

ఎడమ_కాల్వ, హాలియా

దీనికి ఒప్పుకుంటా. ప్లానార్‌లలో కొన్నిటికి సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు వచ్చే సౌండ్) చాలా తక్కువ. అక్కడ బ్యాటరీ ఆంప్ మాట న్యాయమే.

వనపర్తి_మాస్టారు, వనపర్తి

మీ సలహా ప్రకారం ఫోన్ 90 పెట్టాను, గుస్ తగ్గింది. కానీ ఆంప్‌ను చార్జింగ్‌లో పెట్టి వింటే జుయ్‌మని ఒకటే మోత. చార్జర్ తీస్తే ఉండదు. ఇంకోటి, ఫోన్‌ను ఆంప్ మీద పెట్టి రబ్బరుబ్యాండు వేశాను, అప్పుడప్పుడు టిక్ టిక్ టిక్ అంటోంది.

గడియారం_సెంటర్, నల్గొండ

జుయ్ అనేది చార్జర్ నుంచి వస్తోంది సార్. చవక చార్జర్లలో కరెంటు శుభ్రంగా ఉండదు, ఆ రొద వైరు ద్వారా ఆంప్‌లోకి దూరుతుంది. ఫోన్‌తో వచ్చిన అసలు చార్జర్ పెట్టి చూడండి, అప్పటికీ ఉంటే వింటున్నప్పుడు చార్జింగ్ మానేయండి. పవర్ బ్యాంకు పెట్టినా చాలాసార్లు పోతుంది, అది గోడ కరెంటుకు తగిలి ఉండదు కాబట్టి.

టిక్ టిక్ మాత్రం ఫోన్ సిగ్నల్. టవర్ దూరమై 2జీకి పడిపోయినప్పుడు ఫోన్ గట్టిగా, ఆగి ఆగి సిగ్నల్ కొడుతుంది, ఆంప్ దాన్ని పట్టుకుంటుంది. రబ్బరుబ్యాండు తీసేసి రెండిటినీ జానెడు దూరంలో పెట్టండి, లేదా వినేటప్పుడు ఫ్లైట్ మోడ్. ఎండాకాలం ఆ ఆంప్‌ను బండి డిక్కీలో మాత్రం వదలకండి, మన నల్గొండ ఎండకు బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బినట్టు అనిపిస్తే చార్జింగ్ పెట్టకుండా తీసుకురండి, మారుస్తాను.